బడిపిల్లల పాటయు, చేతితో చేసిన వాద్యములును

సంఘ చరిత్రలు వ్రాయువారు బిషప్పులను, దేవాలయపు కట్టడములను జ్ఞాపకముంచుకొందురు. చిన్న తరగతికి పాట నేర్పినవారి పేరు తరచుగా మరుగున పడిపోవును. అట్టివారిలో సారా గ్లోవర్ ఒకరు. ఈమె 1786లో ఇంగ్లండులోని నార్విచ్ పట్టణమున ఒక గురువుగారి కుమార్తెగా జన్మించెను.

అయిదు గీతల సంగీత లిపి బీదపిల్లలకు కొరుకుడు పడదని ఈమె గ్రహించెను. స్వరముల పేర్లలోని మొదటి అక్షరములనే తీసికొని, నిచ్చెన మెట్లవలె పటముమీద వ్రాసి, కర్రతో చూపుచు పాడించెను. గాజు పట్టీలను వరుసగా అమర్చి చిన్న సుత్తితో మ్రోగించు వాద్యమునొకటి తరగతిలో వాడెను. 1835లో తన పద్ధతిని పుస్తకముగా వెలువరించెను.

1841లో హల్ పట్టణమున కూడిన సండేస్కూలు ఉపాధ్యాయులు, పాట నేర్పుటకు సులభమైన మార్గము వెదకుమని జాన్ కర్వెన్ అను యువ బోధకునికి పని అప్పగించిరి. ఆయన గ్లోవర్ పుస్తకమును ఆధారము చేసికొని, కొన్ని మార్పులతో 'టానిక్ సోల్ఫా' పద్ధతిని ప్రచారము చేసెను. మామూలు అచ్చు అక్షరములతోనే ముద్రింపవచ్చును గనుక కీర్తనల పుస్తకములు చౌకగా లభించెను. మిషనెరీలు దీనిని ఆఫ్రికాకును, పసిఫిక్ ద్వీపములకును కొనిపోయిరి. కర్వెన్ ఆమె ఋణమును ఒప్పుకొనెను. అయినను ఆయన చేసిన మార్పులు ఆమెకు రుచింపలేదు. లోకమునకు కర్వెన్ పేరే తెలిసినది. ఇది న్యాయమని నేననుకొనను.

ఇందులో మనకు క్రొత్త ఏమున్నది? సోల్ఫాలో 'డో' ఏ శ్రుతిలోనైనను నిలువవచ్చును. మన 'స'యు అంతే. పెట్టె లేని పల్లెలో ఒక పెద్దాయన గొంతుకు అనువైన శ్రుతి ఎత్తుకొనగా సంఘమంతయు అందుకొని పాడుట మన మెరిగినదే.

చేతితో చేసిన వాద్యముల సంగతికి వత్తము. 1920లలో ఇంగ్లండులో మార్గరెట్ జేమ్స్ అను ఉపాధ్యాయిని, పిల్లలచేతనే వెదురు పిల్లనగ్రోవులు చేయించి వాయింప నేర్పెను. ఆ ఉద్యమము నుండి 1932లో పైపర్స్ గిల్డ్ అను సంఘము ఏర్పడెను. ఎవరి గ్రోవి వారే చేసికొనవలెననునది వారి నియమము. ప్రఖ్యాత సంగీతకర్త వాన్ విలియమ్స్ దానికి అధ్యక్షుడై, 1939లో ఆ గ్రోవుల కొరకే ఒక కృతిని కూర్చెను.

ఈ పనిలో చదువెంతయో ఉన్నది. గొట్టము పొడవైన కొలది స్వరము తగ్గును. కొంచెము కోసినచో హెచ్చును. అందుచేత పిల్లవాడు ముందుగా విని, కొలిచి, పిమ్మట రవ్వంత కోయవలెను. ఊదుచోట బెండు బిరడాను చెక్కి గాలికి సన్నని దారి విడువవలెను. రంధ్రములను ఒక్కసారిగా వేయరాదు. క్రిందిదాని స్వరము కుదిరిన తరువాతనే పైదానికి పోవలెను. ఆకురాయితో రంధ్రమును పెద్దది చేసినచో స్వరము పైకి పోవును. కీబోర్డు మీట నొక్కగానే తాళము దానంతటదే వచ్చు ఈ రోజులలో, ఇంత శ్రద్ధగా వినుటకు పిల్లలకు అవకాశమెక్కడిది? మన ఊళ్లలో వెదురుకు కొదువ లేదు. రంధ్రము మితిమీరి పెద్దదైనను బెంగపడనక్కరలేదు. అంచున కొంచెము మైనము అద్దినచో స్వరము మరల దిగును.