చెర విడిపించినవాడి చెర

భద్రాచలం నుంచి పర్ణశాల వెళ్లే దారిలో దుమ్ముగూడెం వస్తుంది. పంతొమ్మిదో శతాబ్దంలో చర్చి మిషనరీ సొసైటీ వాళ్లు కోయల మధ్య పని మొదలుపెట్టిన ఊరు అది. గోదారి ఎగువన దావీదు కీర్తనలు, దిగువన రామదాసు కీర్తనలు. మొర మాత్రం ఒకటే: పగవాడి చేతిలోంచి తప్పించు, ఇంకా ఆలస్యమెందుకు? ఇద్దరికీ దేవుడి దగ్గర చనువెక్కువ, నిలదీయడానికి వెనకాడరు.

ఆ రామదాసు, అంటే గోపన్న కథ ఈ అడవంచున ఎవరినడిగినా చెబుతారు. నేలకొండపల్లి కంచెర్లవారి బిడ్డ, పాల్వంచ తహసీల్దారు. దమ్మక్క అనే భక్తురాలు తాటిపండు నైవేద్యం పెట్టి కొలుచుకున్న రాముడికి శిస్తు సొమ్ముతో గుడి కట్టించాడు. పచ్చల పతకం, చింతాకు పతకం, కలికితురాయి చేయించాడు. ఖజానాకు లెక్క తగ్గింది. గోల్కొండలో పన్నెండేళ్ల చెర. ఆ కొట్టు గోడ మీద చెక్కిన రామలక్ష్మణుల బొమ్మలు ఇప్పటికీ చూపిస్తారు. చివరికి ఒక రాత్రి రామలక్ష్మణులే బంట్ల వేషంలో వచ్చి, ఆరు లక్షల మొహరీలు గోల్కొండ సుల్తాను తానీషా ముందు కుమ్మరించి రసీదు పట్టుకెళ్లారట. పన్నెండేళ్లు పిలిచినవాడు కొట్టులో ఉండగా, దర్శనం దక్కింది చెరలో పెట్టినవాడికి!

అక్కడితో మంగళం పాడేస్తాం. హరికథలోనూ అంతే, సినిమాలోనూ అంతే. మరి తానీషా ఏమయ్యాడు?

బైబిలు అలా సగంలో లేచిపోదు. ఫరో రథాలు ఎర్ర సముద్రంలో మునిగితే మిర్యాము తంబుర పట్టుకుని పాడింది, నిజమే. యెరూషలేము రాజు హిజ్కియా మొరపెట్టుకుంటే, ముట్టడికొచ్చిన సన్హెరీబు దండులో ఒక్క రాత్రే దేవదూత చేతిలో 1,85,000 మంది కూలారని రాసింది. వందేళ్లు దాటాక అదే యెరూషలేము మీదికి నెబుకద్నెజరు వచ్చాడు. ఈసారి ఏ దూతా దిగలేదు. రాజు సిద్కియా చూస్తుండగానే కొడుకులను చంపి, ఆ తర్వాత అతని కళ్లు పొడిచి, సంకెళ్లు వేసి బబులోనుకు ఈడ్చుకుపోయారు. ఆ సంగతీ దాచకుండా రాసింది. తనను కొండాకోనా తరిమిన సౌలు గిల్బోవలో చస్తే దావీదు పండగ చేసుకోలేదు, బట్టలు చించుకుని ఏడ్చాడు. అలాంటి ఏడుపొకటి మనం తానీషాకు బాకీ ఉన్నాం.

అసలు పేరు అబుల్ హసన్ కుతుబ్ షా. షా రాజు కత్తాల్ అనే సూఫీ గురువు దగ్గర ఫకీరులా బతికినవాడు 1672లో గద్దెనెక్కాడు. పెత్తనం అక్కన్న మాదన్నల చేతికిచ్చాడు, రామదాసుకు మేనమామలని జనం చెప్పుకునే అన్నదమ్ములు వాళ్లే. 1686లో వాళ్లిద్దరినీ గోల్కొండ వీధిలో నరికేశారు. మాదన్న తల మొగలుల దగ్గరికి వెళ్లింది. ఆ తల ఇస్తే గండం గడుస్తుందనుకున్నవాళ్లది వెర్రి. మరుసటి ఏడు ఔరంగజేబే దండెత్తి వచ్చాడు.

ఎనిమిది నెలల ముట్టడి. వానలకూ కరువుకూ అల్లాడింది బయటి దండే. గోడ కింద సొరంగాలు తవ్వి మందు దట్టిస్తే అది ఎదురుతన్ని మొగలు సైనికులనే చంపింది. దేవుడు మన పక్షానే ఉన్నాడని కోటలోవాళ్లు అనుకుని ఉంటే తప్పు పట్టలేం. 1687 సెప్టెంబరులో ఒక రాత్రి అబ్దుల్లా ఖాన్ పనీ అనే సర్దారు లంచం తిని తలుపు తీశాడు. తానీషా సేనాని అబ్దుర్రజాక్ లారీ గుర్రమెక్కి దాదాపు ఒంటరిగా ఎదురెళ్లాడు. ఒళ్లంతా డెబ్బైదాకా గాయాలతో పడిపోయాడు. రాజ్యమంతటికీ విశ్వాసంగా మిగిలింది అతనొక్కడే అనిపిస్తుంది.

తనను పట్టుకోవడానికి వచ్చిన సర్దార్లతో తానీషా ఏమన్నాడో మొగలుల చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాసిపెట్టాడు. తన భోజనం వేళయిందన్నాడు. వడ్డించమన్నాడు, వాళ్లనూ కూర్చోమన్నాడు. ఈ వేళ ముద్ద ఎలా దిగుతోందని వాళ్లు విస్తుపోతే, పేదరికమిచ్చిన దేవుడే రాజ్యమిచ్చాడు, ఇప్పుడు తీసుకున్నాడు, ఇందులో బెంగేమిటన్న ధోరణిలో మాట్లాడాడు. తర్వాత గుర్రమెక్కి వెళ్లి, మెడలోని ముత్యాల హారం తీసి ఔరంగజేబు కొడుకు ఆజం షా చేతికిచ్చాడు.

అక్కణ్ణుంచి దౌలతాబాద్ కోటకు. మొహరీలు మోసుకుని ఎవరూ రాలేదు. 1700 ప్రాంతంలో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు, అంటే గోపన్న చెర ఎంత కాలమని చెబుతారో ఇంచుమించు అంతే. ముందటి కుతుబ్ షాహీ సుల్తానులు గోల్కొండ పక్కన ఇబ్రహీం బాగ్ సమాధుల్లో ఉన్నారు. ఆయన్ను మాత్రం ఖుల్దాబాద్‌లో పూడ్చారు.

సీతారాముల పెళ్లికి ముత్యాల తలంబ్రాలు పంపడం ఆయనే మొదలుపెట్టాడంటారు. రాజ్యం పోయినా ఆనవాయితీ పోలేదు. ఇప్పటికీ నవమికి సర్కారు తరఫున పట్టుబట్టలతో పాటు అవీ భద్రాచలం చేరతాయి. ఇకమీదట పిల్లలకు రామదాసు చెర కథ చెబితే, దౌలతాబాద్ దాకా చెప్పండి.