కరెంటు పోయినప్పుడు

మే నెల విజయవాడ. ఫ్యాను కింద కూర్చున్నా జాకెట్టు వీపుకి అంటుకుపోతోంది. తమ్ముడు మాత్రం పొడుగు చేతుల చొక్కా వేసుకుని, మణికట్టు గుండీలు కూడా పెట్టుకుని భోజనానికి కూర్చున్నాడు.

"ఏసీ ఆఫీసు కదే, అలవాటైపోయింది వాడికి," అంటుంది అమ్మ, నువ్వు అడక్కుండానే.

పప్పన్నం కలుపుతూ మధ్యలో ఆగిపోతాడు. వేళ్లు కంచంలోనే ఉంటాయి. తల మెల్లగా వాలిపోయి, గడ్డం ఛాతీకి తగలబోతుండగా ఉలిక్కిపడి లేస్తుంది. "నైట్ షిఫ్టక్కా." ముక్కు గోక్కుంటాడు. మెడ గోక్కుంటాడు. మళ్లీ ముక్కు. ఫ్రిజ్ మీద కొత్త ఇసబ్‌గోల్ ప్యాకెట్టు. నల్లమందు రకం మత్తుకి ఒళ్లు ఎంత అలవాటు పడినా మలబద్ధకం మాత్రం వదలదు.

పొద్దున ఇంకో మనిషి. ఆవలింత మీద ఆవలింత, కారే ముక్కు, ఇంత ఎండలో చేతుల మీద గగుర్పాటు, కాళ్లు లాగుతున్నాయని మంచమంతా దొర్లాడు. జలుబు చేసిందనుకున్నారు. మధ్యాహ్నం బయటికెళ్లొచ్చాడు, జలుబు మాయం.

టక్కున కరెంటు పోతుంది. అమ్మ కొవ్వొత్తి తెచ్చి బల్ల మీద పెడుతుంది. ఆ వెలుతురులో అమ్మ కనుపాపలు పెద్దవై కళ్లు నల్లగా మెరుస్తున్నాయి. చీకట్లో ఎవరికైనా అంతే. పక్కన వాడి కళ్లు చూస్తావు. ఆవగింజల్లా రెండు చుక్కలు. అవి పెద్దవి కావడం లేదు.

బైకు మీంచి పడి కాల్లో రాడ్డు వేసినప్పుడు డాక్టరు చీటీతో మొదలైన నొప్పిమాత్ర ట్రమడాల్, చీటీ లేకుండా సాగింది. 2018లో దాన్ని ఎన్‌డీపీఎస్ మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చాక దొరకడం కష్టమైంది. ఎవరో టాపెంటడాల్ చూపించారు. తర్వాత మాత్ర నూరి, నీళ్లలో కలిపి సూదితో. డీఅడిక్షన్ సెంటర్, నాలుక కింద పెట్టుకునే బ్యూప్రినార్ఫిన్, ఉద్యోగం. అంతా కుదుటపడిందనగా ఉగాదికి అమ్మే ఆ మాత్ర మాన్పించింది. "ఒక మత్తు మాన్పించడానికి ఇంకో మత్తా?"

చాలా ఇళ్లలో ఇదే మాట. మానేసిన ఆ వారాల్లోనే కోరిక తిరిగొస్తుంది, తట్టుకునే శక్తి మాత్రం తగ్గిపోయి ఉంటుంది. నిరుడు అలవాటైన మోతాదే ఈసారి ఊపిరి ఆపేయగలదు.

జేబులు వెతకాలనిపిస్తుంది. వెతికితే రేపట్నించి ఇంకాస్త బాగా దాస్తాడు, అంతే. "వేసుకున్నావా?" అంటే లేదంటాడు.

"ఎప్పట్నించిరా?" అంటావు.

కంచంలోకే చూస్తాడు. "పది రోజులు."

అమ్మ నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టి సైకియాట్రిస్టుకి ఫోన్ చేస్తావు. ఆయన మొదట అడిగింది మోతాదు కాదు. "మందు తాగాడా? నిద్రమాత్రలేమైనా కలిపాడా?" రెండూ లేవు. "రేపు పొద్దున్నే తీసుకురండి. ఇంట్లో మిగిలిన పాత బ్యూప్రినార్ఫిన్ మాత్ర ఇప్పుడు పెట్టకండి, ఒంట్లో మత్తుండగా వేస్తే విత్‌డ్రాయల్ ఒక్కసారిగా ముంచుకొస్తుంది. ఒంటరిగా పడుకోనివ్వకండి, గదికి గడియ వద్దు. పక్కకి తిప్పి పడుకోబెట్టండి. ఊపిరి మరీ నెమ్మదించినా, గొంతులో గురగురమన్నా, పెదాలు నీలంగా మారినా, పిలిస్తే పలకకపోయినా 108కి కొట్టండి. ఏం వేసుకున్నాడో దాచొద్దు. నాలాక్సోన్ ఇస్తే ఊపిరి అందుకుంటుంది, కానీ దాని ప్రభావం కాసేపే. లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే."

అంతా వాడికి వినపడుతూనే ఉంది. "నాన్నకి చెప్పకక్కా."

"చెప్తాను. కొట్టు మూసి రాగానే చెప్తాను. రాత్రంతా వంతులేసుకుని నీ పక్కన కూర్చోవాలి, నేనూ అమ్మా చాలం."