పనదెరియా
మెక్సికోలో పేటపేటకూ కనిపించే రొట్టెల దుకాణం పనదెరియా. ఇక్కడి తీపి రొట్టెలు, అంటే ‘పాన్ దుల్సే’, ఐరోపా నకళ్లేనని కొందరి వాదన. అందులో కొంత నిజముంది. గోధుమను 16వ శతాబ్దంలో స్పెయిన్‌వారే తెచ్చారు. పొరలుపొరలుగా ఉండే ‘ఒరేహా’ ఫ్రెంచి తినుబండారం ‘పాల్మియే’కు దగ్గరి చుట్టమే. అయితే మూలం పరాయిదైనంత మాత్రాన సంప్రదాయం పరాయిదైపోదు. మెత్తని బన్నుపై పిండి, చక్కెర, కొవ్వు కలిపిన ముద్దను పరచి, ఆల్చిప్ప గీతలు దిద్ది కాల్చే ‘కొంచా’ మెక్సికో గుర్తుగా నిలిచింది. కొనేవారు పళ్లెం, పట్టకారు తీసుకుని అరల్లో నచ్చినవి ఏరుకుంటారు. గల్లాపెట్టె దగ్గర లెక్క కట్టించుకుంటారు. జనవరి 6న ‘రోస్కా దె రెయెస్’, నవంబరు 2న మృతుల పండుగకు ‘పాన్ దె ముయెర్తో’ అనే రొట్టెలు ఉండాల్సిందే. వంటకం ఎక్కడ పుట్టిందన్నదానికన్నా ఎవరి పండుగల్లో, దినచర్యలో కలిసిపోయిందన్నదే ముఖ్యం. ఆ లెక్కన పాన్ దుల్సే మెక్సికోదే.