డ్రై పెట్ ఫుడ్: ఇంట్లో నిల్వ

కుక్కలు, పిల్లుల కోసం ఫ్యాక్టరీలో తయారయ్యే గుళికల ఆహారంలో తేమ సాధారణంగా 10 శాతానికి మించదు. అందుకే బియ్యం, పప్పుల పక్కన పెట్టేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. చిక్కంతా కొవ్వుతోనే. ఎక్స్‌ట్రూడర్ అనే యంత్రంలో ఉడికి, ఆరిన గుళికల మీద రుచికోసం కొవ్వు చల్లుతారు. పైపూత కాబట్టి గాలి ముందు తగిలేది దానికే.

ఈ సరుకుకు పూర్వరూపం లండన్‌లో జేమ్స్ స్ప్రాట్ అమ్మిన కుక్క బిస్కెట్లని చెబుతారు. ఆ ఏడాది 1860 అని కొందరు, 1861 అని మరికొందరు రాశారు. రేవులో ఓడ బిస్కెట్లు తింటున్న కుక్కలను చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చిందంటారు గానీ, దాన్ని కథగా తీసుకోవడమే మేలు. ఎక్స్‌ట్రూడర్ గుళికలు ప్యూరినా డాగ్ చౌతో, దాదాపు 1957లో, విరివిగా ఇళ్లకు చేరాయి.

సంచి తెరిచాక వేడి, వెలుతురు, గాలి కలిసి కొవ్వును పాడుచేస్తాయి. టోకోఫెరాల్ వంటి నిరోధకాలు కొంతకాలం కాచినా అవీ ఖర్చయిపోతాయి. ఎ విటమిన్, థయమిన్ కూడా క్రమంగా తగ్గుతాయి. పాత నూనె వాసన మనిషి ముక్కుకు తెలిసేలోపే కుక్క గిన్నె వదిలేయడం ఉంది.

బూజు విషమైన అఫ్లాటాక్సిన్‌ది వేరే దారి. అది ఎక్కువగా మొక్కజొన్న వంటి ముడిసరుకుతోనే వస్తుంది. ఇంట్లో ఎంత మంచి డబ్బాలో పోసినా పోదు. అమెరికాలో 2005లో డైమండ్, 2020 చివర స్పోర్ట్‌మిక్స్ బ్రాండ్ల ఆహారం తిని పదుల సంఖ్యలో కుక్కలు చనిపోయాయి. 2012లో డైమండ్ ఫ్యాక్టరీ సరుకులోని సాల్మొనెల్లా వల్ల అమెరికా, కెనడాల్లో 49 మంది మనుషులే జబ్బుపడ్డారు. ఇలాంటప్పుడు తమ ఇంట్లో ఉన్నది కంపెనీ వెనక్కి పిలిచిన సరుకేనా అని తేల్చేది ముఖ్యంగా సంచి మీది లాట్ నంబరే. గుళికలను డబ్బాలోకి ఒంపి సంచిని పారేసినవారికి ఆ ఆధారం ఉండదు. దుకాణంలో లూజుగా కిలో, అరకిలో తెచ్చుకునేవారికి అది మొదటినుంచీ లేదు.

అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సలహా కూడా ఇదే: అసలు సంచిలోనే ఉంచాలి, డబ్బా వాడితే సంచిని సంచిగానే అందులో దించాలి, వేడి 27 డిగ్రీలు దాటకూడదు. తెలుగు జిల్లాల్లో మే నెలలో ఆ చివరి మాట కుదిరే ఇళ్లు తక్కువ. అటక, బాల్కనీ, కారు డిక్కీ మాత్రం మానుకోవచ్చు. లోపలి గదిలో నేలకు దగ్గరి అర నయం. ఫ్రిజ్ మంచిదనేవారూ ఉన్నారు. అయితే రోజూ బయటికి తీసి తెరిస్తే చల్లటి గుళికల మీద తేమ పట్టి, అదే బూజుకు దారి కావచ్చు.

స్టీలా, ప్లాస్టిక్కా అన్న వాదన కంటే మూత బిగువు ముఖ్యం. ప్లాస్టిక్ డబ్బా లోపలి గోడను వేలితో రాస్తే జిడ్డు తగులుతుంది. అడుగున గోధుమరంగు పొడి పేరుకుని ఉంటుంది. దాని మీదే కొత్త సరుకు పోస్తే పాత కొవ్వు కంపు కొత్తదానికీ పడుతుంది. సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరాకే నింపాలి. పిండి పురుగులు, కంటికి ఆనని నిల్వ నల్లులు ఆ పొడిలోనే పెరుగుతాయి. చీమలకు నీళ్లు పోసిన పళ్లెంలో డబ్బా పెట్టే పాత పద్ధతి ఇక్కడా పనికొస్తుంది. బియ్యానికి పట్టించే బోరిక్ పౌడర్ మాత్రం పనికిరాదు. బియ్యం కడిగి వండుతారు, గుళికలు కడగరు.

తెరిచిన సంచి నాలుగు నుంచి ఆరు వారాల్లో అయిపోవాలన్నది తరచూ వినిపించే లెక్క. పది కిలోల బరువున్న కుక్క, ఆహారాన్ని బట్టి, రోజుకు 150 నుంచి 200 గ్రాములు తింటుందనుకుంటే 3 కిలోల సంచి పదిహేను, ఇరవై రోజులకు సరి. కిలో ధర తక్కువని 20 కిలోలు తెస్తే అది మూడు నెలలు దాటుతుంది. నాలుగైదు కుక్కలున్న ఇంటికైతే ఆ పెద్ద సంచే లాభం.