మూసీతీరమున ఒక వాస్తుశిల్పి

వ్యాజ్యము నిమిత్తమో, వైద్యము నిమిత్తమో హైదరాబాదునకు పోని కుటుంబము మన పాల్వంచ, కొత్తగూడెము ప్రాంతములలో అరుదు. వ్యాజ్యమునకు పోయినవారు హైకోర్టును, వైద్యమునకు పోయినవారు ఉస్మానియా ఆసుపత్రిని, కాచిగూడలో రైలు దిగినవారు ఆ స్టేషనును చూచియే యుందురు. ఈ మూడు కట్టడములతోను, హైకోర్టు ప్రక్కనున్న సిటీ కాలేజీతోను సంబంధముగల వాస్తుశిల్పి ఒక్కడే. ఆయన పేరు విన్సెంట్ జెరోమ్ ఎష్. ఆయన కథ ఒక భవనముల కథ మాత్రమే కాదు. వరదలో మునిగిన నగరము తన నడిబొడ్డును తిరిగి నిర్మించుకొనిన కథ.

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదును ముంచివైచెను. సుమారు పదునైదువేలమంది మరణించిరని చెప్పుదురు. అఫ్జల్‌గంజ్ వద్దనున్న ఒక చింతచెట్టు నెక్కి నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు నేటికిని ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నున్నది. అంతటి ఉపద్రవము ఒక్క వానవలన మాత్రమే కలుగలేదు. నగరమునకు ఎగువనున్న పరీవాహక ప్రదేశములో 788 చెరువులుండగా, వానిలో 221 చెరువులు తెగెను. ఒక చెరువు కట్ట తెగినచో ఆ నీరు దిగువ చెరువుపై పడును, అదియు తెగును. ఈ విధముగా గొలుసుకట్టు చెరువులన్నియు ఒకదానివెంట నొకటి నదిలోనికి విరుచుకొనిపడెను.

దీనికి ఉపాయము చెప్పుటకు నిజాము ప్రభుత్వము 1909లో మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారిని రప్పించినది. నగరమునకు ఎగువన జలాశయములు కట్టి వరదను అచ్చటనే నిలుపవలెనని ఆయన సూచించెను. ఆ సూచన ననుసరించియే మూసీపై 1920లో ఉస్మాన్‌సాగరు, ఈసీపై 1927లో హిమాయత్‌సాగరు పూర్తియైనవి. నదీతీరమును చక్కజేయుట, మురుగుకాలువలు త్రవ్వించుట, ఉద్యానములు వేయించుట కూడ ఆయన సూచనలలో చేరియున్నవి.

1911లో సింహాసనమెక్కిన మీర్ ఉస్మాన్ అలీఖాన్ మరుసటి యేడు, అనగా 1912లో, నగరాభివృద్ధి మండలిని నెలకొల్పెను. గాలి వెలుతురు చొరని ఇరుకు వాడలను తొలగించుట, వీధులను వెడల్పు చేయుట, క్రొత్త నివాసములను ఏర్పరచుట దాని పని. ప్లేగువ్యాధి ప్రజలను వేధించుచున్న కాలమది. వాడలను బాగుచేయుట అలంకారము కొరకు గాక ఆరోగ్యము కొరకు అవసరమయ్యెను.

ఈ సమయముననే, 1914లో, ఎష్ హైదరాబాదునకు వచ్చెను. ఆయన 1876లో జన్మించిన ఆంగ్లేయుడు. అప్పటికే కలకత్తాలో పెక్కు భవనములు కట్టి పేరు సంపాదించెను. సర్ విలియం ఎమర్సన్ రూపకల్పన చేసిన విక్టోరియా మెమోరియలునకు పర్యవేక్షక వాస్తుశిల్పిగా పనిచేసెను. కలకత్తాలో పాశ్చాత్యరీతులలో కట్టిన యీ మనిషి హైదరాబాదులో చార్మినారు నీడలో కట్టవలసి వచ్చెను.

నది దక్షిణపు టొడ్డున హైకోర్టు నిర్మాణము 1915లో ఆరంభమయ్యెను. దాని నమూనాను జయపురమునకు చెందిన శంకర్‌లాల్ గీయగా, ఇంజనీరు మెహర్ అలీ ఫాజిల్ కట్టడము జరిపించగా, ఎష్ దానిని తీర్చి పర్యవేక్షించెను. గులాబివన్నె గ్రానైటు రాయియు ఎఱ్ఱని ఇసుకరాయియు కలిపి కట్టిన ఆ సౌధము 1920 ఏప్రిలులో ప్రారంభమయ్యెను. దాని ప్రక్కన నేడు సిటీ కాలేజీయని పిలువబడు నాటి సిటీ హైస్కూలు లేచెను. ఎదుటి యొడ్డున, చింతచెట్టున్న చోటనే, ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటములతో నిలిచెను. కాచిగూడ స్టేషనును మాత్రము ముందుగా పోతపోసిన కాంక్రీటు భాగములతో కూర్చిరి. చూపునకు పాత కోటవలె కన్పట్టు ఆ భవనము లోపల ఆనాటికి మిక్కిలి క్రొత్తదైన పద్ధతి యున్నది.

ఇచ్చట గమనింపవలసినది యొకటి కలదు. ఏ నది ప్రాణములు తీసినదో, ఆ నది యొడ్డుననే న్యాయస్థానమును, పాఠశాలను, వైద్యశాలను నిలిపిరి. భయపడి నదికి వీపు త్రిప్పలేదు. ఎష్ భవనములు ఎదురెదురుగా నిలిచి నదిని నగరమునకు ముంగిలిగా చేసినవి. అయితే ఎగువన జలాశయములు లేనిచో ఈ అందమంతయు ఎంతకాలము నిలుచును? వాస్తుశిల్పి కీర్తి ఇంజనీరు కట్టిన కట్టమీద ఆధారపడియున్నది.

ఎష్ స్వదేశమునకు మరలిన పిమ్మటను నగరాభివృద్ధి మండలి పని సాగెను. పత్తర్‌గట్టీలో రాతికమానుల వరుసతో అంగళ్లు వెలసినవి. 1935లో మొజంజాహీ మార్కెటు గడియారపు గోపురముతో లేచెను. ఎండవానలు తగులని నడవలో కొనువాడు నడచును. అమ్మువాడు లోన కూర్చుండును. ఒక వీధికి కావలసిన మర్యాద ఇదియే. కాని పాతవాడలు తీసివేసినపుడు అచ్చటి పేదల సమ్మతిని అడిగినవారు లేరు. అది రాజాజ్ఞతో జరిగిన పని. మనము ఆ కాలపు రాతిపనిని మెచ్చుకొనవచ్చును గాని, ఆ పద్ధతిని అనుకరింపనక్కరలేదు.

ఈ కట్టడములకు తరువాత కష్టములు తప్పలేదు. 2009లో హైకోర్టులో అగ్నిప్రమాదము జరిగినది. 2020 జులైలో ఉస్మానియా ఆసుపత్రిలోనికి వాననీరు జొచ్చినందున పాతభవనములోని రోగులను తరలించిరి. అదే సంవత్సరము ఆగస్టులో మొజంజాహీ మార్కెటు మరమ్మతులు పొంది తిరిగి తెరువబడెను. శ్రద్ధ చూపినచోట రాయి నిలిచినది. చూపనిచోట గుమ్మటము కూడ కారినది.

ఇది దూరపు నగరపు కథయని మన మనుకొనరాదు. కిన్నెరసాని జలాశయపు నీటితో, 1966లో ఆరంభమైన విద్యుత్కేంద్రముతో మన పాల్వంచ పెరిగినది. ఆ పాత కేంద్రపు ఎనిమిది శీతలగోపురములను 2024 ఆగస్టులో కూల్చివేసిరి. భద్రాచలము దారిలో నున్న మన ఊరి అంగడివీధిని వెడల్పు చేయవలెనను మాట వచ్చినపుడెల్ల మూడు ప్రశ్నలు వేయవలెను. వాననీరు ఎటు పోవును? నడచువారికి నీడ యెచ్చట? అంగడి తీసివేయబడినవాడు మరునాడు ఎచ్చట కూర్చుండును? హైదరాబాదు మొదటి రెంటికి మంచి సమాధానము చెప్పినది. మూడవదానికి సమాధానము చెప్పవలసినది మనము.