లారీ ఏసీ మరమ్మతు: గ్యాస్ నింపడం నుంచి లీకు వెతకడం వరకు

ఇంట్లో ఫ్రిజ్ ఏళ్ల తరబడి గ్యాస్ నింపకుండానే పనిచేస్తుంది. లారీ ఏసీకి ఆ సౌకర్యం లేదు. దాని కంప్రెసర్‌ను ఇంజిన్ బెల్టు తిప్పుతుంది కనుక ఇరుసు బయటికి వచ్చేచోట సీలు అరుగుతుంది; రోడ్డు కుదుపులకు గొట్టాల బిగింపులు వదులవుతాయి. ఆర్-12 వాయువు వాడిన కాలంలో చల్లదనం తగ్గితే గ్యాస్ నింపి పంపేవారు. లీకు అలాగే ఉండేది.

ఇటువంటి వాయువులు ఓజోన్ పొరను దెబ్బతీస్తాయని 1974లో మోలినా, రోలాండ్ హెచ్చరించారు. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం వాటి ఉత్పత్తికి పగ్గాలు వేసింది. భారత్ 1992లో అందులో చేరింది. బదులుగా వచ్చిన ఆర్-134ఎ మెకానిక్ పనినే మార్చింది. పాత మినరల్ ఆయిల్ ఇందులో కలవదు. నూనె మార్చకుండా కొత్త వాయువు నింపితే కంప్రెసర్ బిగుసుకుపోతుంది. ఒప్పందం చదివినవారికంటే ఈ నష్టం చూసి నేర్చుకున్నవారే ఎక్కువని అనుకోవచ్చు. ఇప్పుడు ముందు గేజి చూడాలి: రెండు వైపులా పీడనం తక్కువైతే లీకు వెతకాలి, హైసైడ్‌లో ఎక్కువైతే కండెన్సర్‌కు దుమ్ము పట్టిందేమో చూడాలి.

మన దేశంలో 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే, 3.5 టన్నులు మించిన సరకు వాహనాల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి. పాత లారీలకు ఈ నిబంధన లేదు. మే నెలలో రామగుండం దారిలో మెడకు తడి తువ్వాలు చుట్టుకున్న డ్రైవరు ఇంకా కనిపిస్తాడు.