కాంపౌండరు నుండి ఫార్మసిస్టు వఱకు

వైద్యుడు చీటి వ్రాయును. మందిచ్చు చేయి వేఱొకరిది. పూర్వము దవాఖానాలలో ఆ పనివానిని కాంపౌండరనుచుండిరి. తూకము, కొలత అతడు చాలవఱకు పని చేయుచునే నేర్చుకొనెడివాడు.

1948లో భారతదేశమున ఫార్మసీ చట్టము వెలసెను. అది పాతవారిని వీధిపాలు చేయలేదు. ఐదేండ్లు దవాఖానాలో మందులు కలిపినవానికిని తొలి రిజిస్టరులో చోటిచ్చెను. పిమ్మట చదువు తప్పనిసరియయ్యెను. 1991 నిబంధనలతో రెండేండ్ల డిప్లొమా, 500 గంటల శిక్షణ కనీసార్హతగా నిలిచెను. వైద్యుని చీటిమీద మందిచ్చునప్పుడు రిజిస్టరుకెక్కిన ఫార్మసిస్టు ఉండి తీరవలయును.

2016లో జగిత్యాల, సిరిసిల్లలు జిల్లా కేంద్రములయ్యెను. కోరుట్ల జగిత్యాల జిల్లాలో చేరెను. ఊళ్లు పెరిగినకొలది మందుల దుకాణములకు చదివిన చేతులు కావలయును. కావున పెద్దలు గోడమీది పత్రముతో తృప్తిపడక, ఆ పత్రము గలవాడెక్కడ నున్నాడని అడుగవలెను. మన మనుమల ప్రాణము ఆ ప్రశ్నమీద నున్నది.